గాడిలో మేత చూసి ఖనిజ లవణాలు ఇవ్వండి: కృష్ణా మెట్ట ప్రాంత పశుపోషకులకు సూచనలు

కృష్ణా ఒడ్డున ఉన్న చెవిటికల్లు నుంచి కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట దాకా చిన్న రైతుకు పంటతో పాటు ఒకటి రెండు గేదెలు ఉండటం మామూలే. పగలు చేల గట్ల మీద, కోత కోసిన పొలాల్లో మేపుతారు. సాయంత్రం ఇంటికొచ్చాక వరిగడ్డో జొన్న చొప్పో వేస్తారు. పాలిచ్చే గేదెకు కాస్త తవుడు, చెక్క కలుపుతారు. కడుపు నిండుతుంది. అయినా పడ్డ నాలుగేళ్లు దాటినా ఎదకు రాదు. ఈనిన గేదె మళ్లీ చూడి కట్టడానికి ఏడాది దాటిపోతుంది. ఈలోగా మేత ఖర్చు ఆగదు, పాలు ఆగిపోతాయి.

దీనికి కారణాలు చాలా ఉంటాయి. వాటిలో తరచుగా కనిపించేది, తక్కువ ఖర్చుతో సరిదిద్దుకోగలిగేది ఖనిజ లవణాల లోపం. అయితే అన్ని ఇళ్లలో ఒకే లోపం ఉండదు. గాడిలో ఏం వేస్తున్నామో దాన్ని బట్టి లోటు మారుతుంది. ప్యాకెట్టు కొనే ముందు ఆ లెక్క చూసుకోవాలి.

మన నేలల్లోనే మొదలవుతుంది

జగ్గయ్యపేట చుట్టుపక్కల సున్నపురాయి నిక్షేపాలు ఉన్నాయి. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడికి వచ్చింది అందుకే. సున్నం పాలు ఎక్కువగా ఉన్న నల్లరేగడి నేలల్లో భాస్వరం, జింకు ఉన్నా మొక్కకు సరిగా అందవు. వరిలో జింకు లోపం చూసిన రైతుకు ఇది కొత్త సంగతి కాదు. పైరుకు అందనిది గడ్డికీ అందదు. గడ్డిలో లేనిది పశువుకూ దొరకదు.

పైగా గడ్డి ముదిరేకొద్దీ దానిలో భాస్వరం తగ్గుతుంది. వానలకు మొలిచిన లేత గడ్డికీ, సంక్రాంతి తర్వాత గట్ల మీద ఎండిన గడ్డికీ చాలా తేడా ఉంటుంది. అలాగని వర్షాకాలంలో లవణాలు మానేయకూడదు. పచ్చిమేత దొరికినప్పుడు దూడలు త్వరగా ఎదుగుతాయి, గేదెలు పాలు పెంచుతాయి. అప్పుడే ఖనిజాల అవసరం కూడా పెరుగుతుంది.

రోజువారీ లెక్క

ఒక లీటరు గేదె పాలతో సుమారు 1.8 గ్రాముల కాల్షియం, 1.1 గ్రాముల భాస్వరం బయటికి పోతాయి. రోజుకు 6 లీటర్లు ఇచ్చే గేదె దాదాపు 11 గ్రాముల కాల్షియం, 6 నుంచి 7 గ్రాముల భాస్వరం పాలలోనే ఇచ్చేస్తుంది. ఒంటి అవసరాలు, కడుపులో దూడ అవసరాలు దీనికి అదనం.

మేతలో ఏముందో చూద్దాం.

- కిలో వరిగడ్డిలో భాస్వరం ఒక గ్రాముకు అటూ ఇటూగా ఉంటుంది. కాల్షియం కొంత ఉన్నా, గడ్డిలోని ఆక్సలేట్లు దాన్ని పట్టి ఉంచడం వల్ల పశువుకు పూర్తిగా అందదు.
- కిలో తవుడులో భాస్వరం 12 గ్రాములకు పైనే ఉంటుంది. కాల్షియం మాత్రం గ్రాము కూడా ఉండదనే చెప్పాలి.
- పత్తి గింజల చెక్కలోనూ భాస్వరం బాగానే ఉంటుంది, కాల్షియం తక్కువ.
- పిల్లిపెసర, అలసంద, లూసర్న్, సుబాబుల్ ఆకు వంటి పప్పుజాతి మేతల్లో కాల్షియం పుష్కలం. ఎండు బరువు లెక్కన 1 శాతం పైనే ఉంటుంది.

8 కిలోల వరిగడ్డి మీదే ఆధారపడిన గేదెకు 8 గ్రాముల భాస్వరం కూడా కష్టమే. అందులో చాలా భాగం వంటబట్టకుండా పేడలో పోతుంది. మిగిలిన లోటును గేదె తన ఎముకల్లోంచి తీసి పాలలో ఇస్తుంది. కొన్ని నెలలు ఇలా నడుస్తుంది. ఆ తర్వాత పాలు తగ్గుతాయి, ఎద ఆగిపోతుంది.

మీ ఇంట్లో ఏది లోటు?

*మేపు, వరిగడ్డి మాత్రమే ఉంటే:* భాస్వరం లోటు. వట్టిపోయిన గేదెలు, పడ్డలు, ఆవుల విషయంలో ఎక్కువగా జరిగేది ఇదే. పాలివ్వడం లేదని వాటికి తవుడు ఆపేస్తాం. కానీ కడుపులో దూడ పెరిగేది, పడ్డ ఎదిగేది ఆ సమయంలోనే.

*తవుడు, చెక్క బాగా పెట్టి పచ్చిమేత లేకపోతే:* కాల్షియం లోటు. మేతలో కాల్షియం కనీసం భాస్వరంతో సమానంగా, వీలైతే రెట్టింపు ఉండాలి. తవుడు ఎక్కువైతే ఈ లెక్క తలకిందులవుతుంది.

*ఏది పెట్టినా:* ఉప్పు, జింకు, రాగి లోటు ఉండే అవకాశం ఉంది. మన గడ్డి జాతుల్లో సోడియం సహజంగానే తక్కువ. ఎండలో తిరిగే పశువుకు ఉప్పు ఇంకా కావాలి.

లోపాన్ని గుర్తించడం ఎలా?

- గోడలు నాకడం, మట్టి, గుడ్డలు, ప్లాస్టిక్, చెప్పులు, ఎముకలు నమలడం: భాస్వరం, ఉప్పు లోపం ఉండవచ్చు.
- నల్లటి వెంట్రుకలు ఎర్రగా, వెలిసినట్లు మారడం, కళ్ల చుట్టూ రంగు తగ్గడం: రాగి లోపం.
- చర్మం గరుకుగా మారి పొరలు లేవడం, గిట్టలు దెబ్బతినడం, పుండ్లు త్వరగా మానకపోవడం: జింకు లోపం.
- దూడ మెడ కింద గొంతు దగ్గర వాపుతో పుట్టడం: అయోడిన్ లోపం.
- ఎద ఆలస్యం కావడం, చూడి నిలవక తిరగబొర్లడం: ఒకటి కంటే ఎక్కువ ఖనిజాల లోపం ఉండవచ్చు.

ఇవే లక్షణాలు కడుపులో పురుగులు, చర్మ వ్యాధులు, గర్భాశయ వ్యాధుల వల్ల కూడా వస్తాయి. అందుకని ముందు పేడ పరీక్ష చేయించి పురుగుల మందు తాగించాలి. పురుగులున్న పశువుకు లవణాలు పెడితే సగం వృథా.

ఎముకలు నమిలే పశువును తేలిగ్గా తీసుకోకండి

దక్షిణాఫ్రికాలో వందేళ్ల క్రితం మేతకు వెళ్లిన పశువులు కాళ్లు చచ్చుబడి గుంపులుగా చనిపోయేవి. ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్య శాస్త్రవేత్త దీని కారణం కనిపెట్టాడు. నేలలో భాస్వరం లేదు, దాంతో గడ్డిలోనూ లేదు. ఆ లోటు తీర్చుకోవడానికి పశువులు చచ్చిన జంతువుల ఎముకలు నమిలేవి. కుళ్లిన కళేబరాల్లో తయారైన బొట్యులిజం విషం వాటిని చంపేది. భాస్వరం అందించగానే ఎముకలు నమలడం తగ్గింది, చావులూ తగ్గాయి.

ఆ రోజుల్లో భాస్వరం కోసం ఎముకల పొడి వాడారు. ఇప్పుడు నెమరువేసే పశువులకు ఎముకల పొడి మేపకూడదు. మేత కోసం తయారైన డైకాల్షియం ఫాస్ఫేటు ఉన్న మిశ్రమమే వాడాలి. చచ్చిన పశువులను పొలాల్లో, వాగుల్లో పారేయకుండా లోతుగా పూడ్చాలి.

ఈనిన తర్వాత రెండు ప్రమాదాలు

*ఎర్ర మూత్రం:* ఈనిన కొన్ని వారాల లోపు గేదె మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది. పాలు పడిపోతాయి, కళ్ల పొరలు పాలిపోతాయి. భాస్వరం తగ్గి ఎర్ర రక్తకణాలు పగిలిపోవడం ఇందుకు కారణం. పిడుదుల వల్ల వచ్చే వ్యాధిలోనూ మూత్రం ఎర్రబడుతుంది, కానీ అప్పుడు సాధారణంగా జ్వరం తీవ్రంగా ఉంటుంది. రెండింటికీ మందులు వేరు. నాటు వైద్యంతో రోజులు గడపకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి.

*పాల జ్వరం:* పేరులో జ్వరం ఉన్నా ఒళ్లు చల్లబడుతుంది. ఈనిన ఒకటి రెండు రోజుల్లో రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయి, పశువు కూలబడి తలను డొక్క వైపు తిప్పుకుంటుంది. డాక్టరు నరానికి కాల్షియం ఎక్కిస్తే చాలా పశువులు కొద్ది గంటల్లోనే లేస్తాయి. నోటి ద్వారా మందులు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఏది, ఎంత ఇవ్వాలి?

ఉప్పు కలపని రకం ఖనిజ లవణ మిశ్రమంలో బీఐఎస్ ప్రమాణం ప్రకారం కనీసం 20 శాతం కాల్షియం, 12 శాతం భాస్వరం ఉండాలి. ప్యాకెట్టు మీద ఐఎస్ఐ ముద్ర, తయారీ తేదీ చూడండి. కాల్షియం మాత్రమే ఉండే ద్రవ టానిక్కులు ఈ మిశ్రమానికి బదులు కావు.

- దూడలకు రోజుకు 20 నుంచి 25 గ్రాములు
- పెయ్యలకు, పడ్డలకు, వట్టిపోయిన వాటికి, చూడి పశువులకు 50 గ్రాములు
- పాలిచ్చే వాటికి పాలను బట్టి 50 నుంచి 100 గ్రాములు
- పెద్ద పశువులన్నిటికీ అదనంగా 30 గ్రాముల అయోడిన్ ఉప్పు

ఇంట్లోనే దాణా కలుపుకుంటే 100 కిలోలకు 2 కిలోల మిశ్రమం, 1 కిలో ఉప్పు వేస్తే సరిపోతుంది. దాణా పెట్టని పశువుకు గుప్పెడు తవుడులో కలిపి పెట్టండి. మేతకు వెళ్లే పశువులకు కొట్టంలో నాకే ఉప్పు ఇటుక వేలాడదీయవచ్చు. అయితే చాలా ఇటుకల్లో ఉప్పే ఎక్కువ కాబట్టి మిశ్రమం మానకూడదు. గాలి తగలకుండా మూత బిగించి, చెమ్మ లేని చోట దాచాలి. ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వారం వేసి మానేస్తే ఉపయోగం లేదు.

సుబాబుల్ ఉన్న రైతులకు

నందిగామ, కంచికచర్ల ప్రాంతాల్లో కాగితం మిల్లుల కోసం సుబాబుల్ విస్తారంగా వేశారు. దాని ఆకులో మాంసకృత్తులు, కాల్షియం రెండూ ఎక్కువ. వరిగడ్డి, తవుడు మీద ఉన్న గేదెకు ఇది మంచి జోడీ. అయితే ఇందులోని మైమోసిన్ వల్ల, అతిగా మేపితే వెంట్రుకలు రాలతాయి, థైరాయిడ్ గ్రంథి దెబ్బతింటుంది. అయోడిన్ ఉప్పు పెట్టినంత మాత్రాన ఈ ప్రమాదం పోదు. పచ్చిమేతలో మూడో వంతు మించకుండా, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి.

ఈ పొరపాట్లు చేయకండి

- సూపర్ ఫాస్ఫేటు, డీఏపీ ఎరువులను భాస్వరం కోసం పశువులకు పెట్టకూడదు. వాటిలోని ఫ్లోరిన్ పళ్లను, ఎముకలను పాడుచేస్తుంది. పక్కనే ఉన్న నల్లగొండ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీరు మనుషులను ఎలా వంచిందో తెలిసిందే. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో మరీ జాగ్రత్త.
- గేదెల మిశ్రమాన్ని గొర్రెలకు వేయకండి. గొర్రెలు రాగిని తట్టుకోలేవు, కాలేయంలో పేరుకుని ప్రాణం తీస్తుంది. వాటి కోసం తయారైన మిశ్రమమే వాడండి.
- చిన్న దూడలకు పత్తి చెక్క పెట్టకండి.
- ఎక్కువ వేస్తే ఎక్కువ ఫలితం వస్తుందనుకోవద్దు. కాల్షియం అతిగా వేస్తే జింకు ఒంటబట్టదు.

కొత్తగా మొదలుపెట్టే రైతు ముందుగా పడ్డలకు, చూడి గేదెలకు వేయాలి. పాలిచ్చే గేదెకు ఎలాగూ కాస్త దాణా అందుతుంది. పాలివ్వని పశువునే మనం మరిచిపోతాం. రేపటి పాలు దాని దగ్గరే ఉన్నాయి. లవణాలు వేసినా మూడు నెలల్లో ఎద కనిపించకపోతే, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడి ద్వారా డాక్టరుతో చూడి పరీక్ష, గర్భాశయ పరీక్ష చేయించండి.