జర్బ్ ఒకటా, రెండా?

ఉర్దూ మీడియంలో చదివిన వాళ్లకు "జర్బ్" అనగానే లెక్కల క్లాసు గుర్తొస్తుంది. జమా, తఫ్రీఖ్, జర్బ్, తఖ్సీమ్. మనకు జర్బ్ అంటే హెచ్చవేత. కానీ ఆ లఫ్జ్‌కు అసలు మానీ దెబ్బ. పాత నాణెం మీద "జర్బ్" అని ఉండి పక్కన ఊరి పేరు ఉంటే, ఆ ఊళ్లో దెబ్బ పడిన సిక్కా అని అర్థం. టంకశాలను అందుకే దారుజ్జర్బ్ అన్నారు, దెబ్బలు కొట్టే ఇల్లు అని.

పలాస, టెక్కలి వైపు వెళ్లినప్పుడల్లా ఈమధ్య నాకు ఎదురవుతున్న సవాల్ ఈ దెబ్బ గురించే. "భాయ్, ఈ రెండు రూపాయల బిళ్ల మీద స్టార్ రెండుసార్లు పడింది. లక్షలు వస్తాయంట, నిజమేనా?" ఫోన్లో ఎవరో పంపిన వీడియో చూపిస్తారు. అడిగేవాళ్లు జీడిపప్పు ఫ్యాక్టరీల్లో గింజలు ఒలిచే ఆపాలు, తిత్లీ తుపానుకు కొబ్బరితోట పోగొట్టుకున్న రైతులు, ఇంట్లో ఒకరు డయాలసిస్ మీద ఉన్న కుటుంబాలు. కిడ్నీ జబ్బు ఉద్దానాన్ని ఎంత పిండేసిందో మీకు తెలుసు. ఇలాంటి చోట "లక్షలు" అన్న మాట నవ్వి వదిలేసేది కాదు. అందుకే కొంచెం తఫ్సీల్‌గా రాస్తున్నాను.

ముందు గుర్తుల సంగతి. మన నాణెం మీద సంవత్సరం కింద చూడండి. వజ్రం ఆకారం ఉంటే ముంబై. గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఐదు మొనల నక్షత్రం ఉంటే హైదరాబాద్. ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. అంటే మీ చేతిలోని నక్షత్రం మన హైదరాబాద్ టక్సాల్ నిశానీ. నిజాం సర్కారు 1903లో సైఫాబాద్‌లో యంత్రాలతో నడిపిన టక్సాల్‌ను 1950లో భారత ప్రభుత్వం తీసుకుంది. 1997లో పని చర్లపల్లికి మారింది.

శ్రీకాకుళానికీ హైదరాబాద్‌కూ రిష్తా కొత్తది కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇది చికాకోల్ సర్కారు. శ్రీకాకుళం జామియా మసీదు కట్టించిన షేర్ మహమ్మద్ ఖాన్ ఆ సుల్తానుల ఫౌజ్‌దారే. తర్వాత ఆసఫ్‌జాహీల చేతికి వచ్చింది. 1765లో షా ఆలం బాద్‌షా ఫర్మానాతో, 1766లో నిజాంతో సుల్హ్‌నామాతో ఉత్తర సర్కారులు కంపెనీ వాళ్లకు పోయాయి. అందుకే చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి పలాస బజార్లో చెల్లుబాటు సొమ్ము కాలేదు. ఇక్కడి పాత పెట్టెల్లో ఎక్కువగా దొరికేది జార్జి రాజు బొమ్మ ఉన్న బ్రిటిష్ రూపాయే.

ఇప్పుడు అసలు విషయం. ఒక గుర్తు రెండుగా కనిపించడానికి వేర్వేరు కారణాలుంటాయి. కంటికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఖీమత్ మాత్రం ఒకటి కాదు.

మొదటిది అసలీ జోడీ. నాణేన్ని అచ్చువేసే ఉక్కు దిమ్మను డై అంటారు, మన పెద్దల మాటలో ఠప్పా. టంకశాల గుర్తును డై మీద విడిగా, చేత్తో, చిన్న పంచ్ పెట్టి సుత్తితో కొట్టే రివాజు చాలా దేశాల్లో ఉండేది. అమెరికాలో 1980ల చివరిదాకా అలాగే నడిచింది. మొదటి దెబ్బ సరిగా పడకపోతే కారీగర్ మళ్లీ కొడతాడు. రెండోది వెంట్రుకవాసి పక్కకు పడితే డై మీదే రెండు గుర్తులు మిగులుతాయి. ఆ డై నుంచి వచ్చే ప్రతి నాణెం మీదా ఆ జోడీ అదే చోట, అదే తీరున ఉంటుంది. దెబ్బ డైకి తగిలింది, నాణేనికి కాదు. నాణేలు పోగుచేసేవాళ్లు ఖద్ర్ చేసేది దీన్నే.

రెండోది మెషీన్ వణుకు. ఇక్కడ డైలో ఏ లోపమూ లేదు. పైన ఒక డై, కింద ఒక డై, నడుమ లోహపు బిళ్ల. దెబ్బ పడ్డాక డై నేరుగా వెనక్కి పోవాలి. బిగింపు వదులైతే ఆ క్షణంలో అది వణికి పక్కకు జరుగుతుంది. అప్పుడే పైకి లేచిన గుర్తు అంచును నొక్కి పక్కకు తోసేస్తుంది. దీంట్లో ఒక నాణేనికీ ఇంకో నాణేనికీ పోలిక ఉండాలని లేదు. ఇవి మామూలుగా దొరికేవే. బజార్లో రెండు రూపాయల బిళ్ల రెండు రూపాయలే.

మూడోది అరుగుదల. వేలవేల దెబ్బలు తిన్న డై అరిగిపోతే గుర్తుల అంచులు ఉబ్బి, మసగ్గా, రెండు గీతల్లా కనిపిస్తాయి. దీనికీ అదనపు ఖీమత్ లేదు.

పెహచాన్ ఎలా? పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఒకటి చాలు. దీపాన్ని పక్కనుంచి పట్టి, నాణేన్ని నెమ్మదిగా తిప్పండి.

రెండో నక్షత్రం ఎత్తు చూడండి. అసలీ జోడీలో అది కూడా గుండ్రంగా పైకి లేచి ఉంటుంది. మొనలు చీలినట్టు, రెండు మొనల మధ్య సన్నని గాడి కనిపిస్తుంది. మెషీన్ వణుకులో అది చదునుగా, గుమ్మం ముందు మెట్టులా కిందికి అణిగి ఉంటుంది. వెలుగు తగిలితే తళుక్కుమంటుంది.

తర్వాత వెడల్పు చూడండి. అసలీ జోడీ గుర్తును లావు చేస్తుంది, ఎందుకంటే అక్కడ రెండు దెబ్బలున్నాయి. వణుకు గుర్తును సన్నం చేస్తుంది, ఎందుకంటే ఉన్న లోహాన్నే కోసి పక్కకు నెట్టింది. ఇది గుర్తుంటే సగం ధోఖాలు ఆగిపోతాయి.

ఆఖరున పక్కనున్న సంవత్సరం అంకెలు చూడండి. వాటి పక్కన కూడా అదే దిశలో అలాంటి చదును మెట్టే కనిపిస్తే, అది మెషీన్ పనే అనుకోవచ్చు. అంకెలు సాఫ్‌గా ఉండి, నక్షత్రం ఒక్కటే నిండుగా రెండైతే, అప్పుడు జానకార్‌కు చూపించే మాట.

ఉర్దూ చదవడం వచ్చినవాళ్లకు ఇంకో మంచి మిసాల్ నిజాం రూపాయే. మహబూబ్ అలీ ఖాన్ కాలపు నాణెంలో చార్మినార్ కమాను నడుమ "మీమ్" అక్షరం ఉంటుంది. 1911లో ఉస్మాన్ అలీ ఖాన్ గద్దె ఎక్కాక అక్కడికి "ఐన్" వచ్చింది. ఆ ఐన్‌లో చిన్నది ఒక రకం, నిండైనది ఒక రకం. ఈ ఫరక్ డైలో ఉంది కాబట్టి సేకరించేవాళ్లు రెంటినీ వేరుగా లెక్కిస్తారు. పైనున్న 92 అంకె అబ్జద్ లెక్కలో ముహమ్మద్ పేరు: మీమ్ 40, హే 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4. ఆ 92 పక్కన వణుకు గీత పడినంత మాత్రాన అది కొత్త రకం అయిపోదు. డైలో చెక్కింది తారీఖ్. మెషీన్ వణికింది ఆ పూట కథ.

ఈ ఫరక్ తెలియని చోటే ఠగ్గులు దుకాణం పెడతారు. "మీ నాణెం పాస్ అయింది, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, తర్వాత టాక్సు కట్టండి" అంటారు. రిజర్వ్ బ్యాంక్ పేరు కూడా వాడుకుంటారు. 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది: పాత నోట్లు, నాణేల కొనుగోళ్లతో మాకు సంబంధం లేదు, మేము ఏ ఫీజూ కమీషనూ అడగము అని. అమ్మేవాడి దగ్గర ముందుగా డబ్బు అడిగే ఖరీదుదారు ఖరీదుదారే కాదు. ఈ ఒక్క మాట ఇంట్లో అమ్మీకి, దాదీకి, ఫోన్ పట్టుకునే పిల్లలకు చెప్పండి.

ఇంట్లో పాత సిక్కాలుంటే వాటిని రుద్ది మెరిపించకండి. చింతపండు, నిమ్మరసం పెట్టొద్దు. రుద్దితే పై పొర పోతుంది, దాంతో ఖీమత్ తగ్గిపోతుంది. ఒక్కోదాన్ని విడిగా కాగితంలో చుట్టి, అది ఎవరి చేతుల మీదుగా ఇంటికొచ్చిందో రాసి పెట్టండి. రంగూన్ కూలికి వెళ్లిన తాత తెచ్చిన రూపాయి అయితే, స్టార్ ఒకటున్నా రెండున్నా, ఆ చీటీయే మీ పిల్లలకు మిగిలే తారీఖ్.