కస్తూరికై ఒక కవి యాచన

ఉగాది ప్రత్యేక సంచిక సిద్ధమగుచున్నదనియు, ఆత్మీయులకు కానుకగా నీయదగిన అత్తరులను గూర్చి చరిత్రతో కూడిన వ్యాసమొకటి గురువారము సాయంకాలములోగా అందవలెననియు సంపాదకులు ఆజ్ఞాపించిరి. పరిమళమునకు చరిత్ర వ్రాయుట సులభము కాదు. శాసనము రాతిపై నిలుచును, నాణెము మట్టిలో దొరకును. కాని చక్రవర్తుల మైపూతలు పురావస్తుశాలలకు చేరుట అరుదు. మనకు మిగిలినవి కొన్ని పేరులు, కొన్ని పన్నులు, కొన్ని పద్యములు.

ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలోని గంధయుక్తి ప్రకరణమున పదునాఱు ద్రవ్యములను గడులలో నిలిపి, నాలుగేసి చొప్పున వేర్వేరు పాళ్లలో కలిపినచో 1,74,720 సుగంధములు పుట్టునని లెక్క తేల్చెను. అంగడి గుమ్మమున నిలిచి అన్ని లక్షలలో ఒక్కటి ఏరుకొనవలసినవాని యవస్థ గణితమునకు పట్టదు గదా! పిదప ఆఱువందల యేండ్లు ఒక్క గంతున దాటినచో, కళ్యాణి చాళుక్య సోమేశ్వరుడు తన మానసోల్లాసమున మైపూతను ఋతువును బట్టి మార్చుకొను విధానమును వివరించుచు కనబడును. మఱొక శతాబ్దము గడచినంతనే మన మోటుపల్లి రేవు. కాకతి గణపతిదేవుడు 1244లో అచట వేయించిన అభయశాసనమున, ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరకును రాజు కాజేయడని వర్తకులకు మాటయిచ్చి, వెంటనే సుంకముల పట్టిక చదివెను. ఆ పట్టికలో గంధము, చీని కర్పూరము, పన్నీరు, జవ్వాజి, కర్పూర తైలము ఉన్నవి. అభయమును సుంకమును ఒకే రాతిపై చెక్కించిన ఆ దొరతనము నాకు మిక్కిలి నచ్చినది.

ఇంతవఱకు త్వరపడితిని, ఇక కొండవీటిలో కొంతసేపు నిలువక తప్పదు.

1386 మొదలు 1402 వఱకు అచట ఏలిన కుమారగిరిరెడ్డి, రాజ్యభారమును బావమఱది కాటయవేముని భుజములపై మోపి, ఏటేట వసంతోత్సవములు జరిపించి కర్పూర వసంతరాయడని బిరుదు పొందెను. చరిత్రకారులు దీనిని రాజవిలాసముగా వర్ణించి, ఖజానాను తలచి నిట్టూర్చుట పరిపాటి. నా దృష్టి మాత్రము రాజుపై నిలువదు, ఆ వేడుకకు కావలసిన ద్రవ్యములను సమకూర్చిన అవచి తిప్పయ్యసెట్టిపై నిలుచును. ఆయన శ్రీనాథునికి బాల్యసఖుడు, హరవిలాసమునకు కృతిభర్త. ఆ కావ్యపు అవతారికలో కవి తన మిత్రుని వ్యాపారమును దేశదేశముల పేర్లతో వర్ణించెను: పంజారము నుండి కర్పూరము, గోవ నుండి సంకుమద ద్రవము, చోటంగి నుండి కస్తూరి, సింహళము నుండి ఏనుగులు, హురుమంజి నుండి గుఱ్ఱములు, చీనా నుండి పట్టు. కావ్యమునకు పీఠికగా సరకుల చిట్టా చదివి మెప్పించుట శ్రీనాథునికే చెల్లినది.

సుగంధమును మెచ్చుకొనుట ఎవరికైన సాధ్యమే; మోసపోకుండ ఎన్నుకొనుటకు మాత్రము వర్తకుని ముక్కు వలయును. సుమత్రా దీవిలో మహావృక్షముల కాండము చీల్చి తీయు కర్పూరము వేఱు, చీనాలో కొయ్యముక్కలను ఆవిరిపట్టి తీయునది వేఱు. రెండును తెల్లనివే, వెలలో మాత్రము హస్తిమశకాంతరము. కస్తూరి మఱింత కపటి. మృగనాభిలో ఎండిన నెత్తురును, బరువునకై సీసమును కూరి అమ్మువారు పూర్వమునుండియు కలరు. అందుచేత వర్తకులు వెల్లుల్లి రసములో తడిపిన దారమును సూదితో ఆ నాభిలోనికి దూర్చి, ఈవలికి లాగి వాసన చూచెడివారు; వెల్లుల్లి కంపు మాయమైనచో సరకు మంచిదని నమ్మకము. తిప్పయ్యసెట్టి ఈ పరీక్షయే చేసెనో లేదో గాని, రాజు బిరుదు మాత్రము ఇట్టి పరీక్షలపై ఆధారపడినదే.

శ్రీనాథుని సుగంధదాహము తిప్పయ్యసెట్టితో తీరలేదు. సాంపరాయని కొడుకైన తెలుంగరాయడను దొరను గూర్చి ఆయన చెప్పినట్లు ప్రసిద్ధమైన చాటువొకటి కలదు. అగ్రహారము కాదు, గుఱ్ఱము కాదు, కస్తూరిని భిక్షగా వేయుమని అందు కవి కోరెను. అదియు తన మేనికి కాదట, దాక్షారామపు విలాసినుల వక్షస్థలమున పరిమళించుటకట! యాచనకు ఇంత నిస్సంకోచమైన కారణము చూపిన కవిని నేనింకొకని నెఱుగను. నేటివారు సీసాపై పేరు చూచి కొని, పిదప ఎవరికిత్తుమాయని చూతురు. శ్రీనాథుడు ముందు మనుషులను, ఊరిని నిశ్చయించుకొని ఆ తరువాతనే ద్రవ్యమునకు చేయి చాచెను.

ఆధునిక కాలమున కథ చిక్కుపడినది. 1888లో ఆల్బర్ట్ బౌర్ అను జర్మను రసాయనవేత్త ప్రేలుడు పదార్థములపై పనిచేయుచుండగా ఆయన గాజు పాత్రలో కస్తూరి వాసన పుట్టెను. చోటంగితో అవసరము తీరెను. 1921లో ఎర్నెస్ట్ బో అంకెలు వేసి నిలిపిన సీసాలలో షానెల్ దొరసాని అయిదవదానిని ఎన్నుకొని, అంకెనే పేరుగా నుంచెను. అయినను తిరుమలలో శుక్రవారపు అభిషేకానంతరము స్వామికి పునుగు తైలము నేటికిని పూయుదురు. పెండ్లి పందిరి గుమ్మమున పన్నీరు బుడ్డి స్థానమున విద్యుత్ యంత్రము తుంపర చిమ్మి, కొత్త పట్టుచీరలపై మచ్చలు పెట్టుచున్నది. అమెరికా నుండి దిగు మేనల్లుళ్లు విమానాశ్రయపు అంగడిలో చివరి నిమిషమున కొన్న సీసాలను, మామయ్యకును పిన్నికిని తేడా లేక, పంచిపెట్టుచున్నారు.

ఇక కొనుట సంగతి. కాగితపు ముక్కపై చిమ్మి చూపునది నమ్మరాదు. నిమ్మజాతి వాసనలు నిమిషములలో ఎగిరిపోవును, చందనము, ఊద్ వంటి బరువు ద్రవ్యములు గంటల తరబడి నిలుచును. ఉదయము నచ్చినది సాయంకాలమునకు వేఱొక వస్తువగును. చార్మినారు చెంత పత్తర్‌గట్టీ అంగళ్లలో అత్తరువాడు గాజు బిరడాను నా ముంజేతి వెనుక రుద్ది, నేను హీనాపై మనసుపడుట చూచి, "ఎండకాలంల హీనా ఎందుకు సాబ్, ఖస్ తీస్కోండి" అనెను. సోమేశ్వరుని పేరు వినకయే ఆ మాట పలికెను. చైత్రము ఎండలకు ముంగిలి గనుక నేనును ఖస్‌నే, అనగా వట్టివేళ్ల అత్తరునే, సిఫారసు చేయుదును. తులములో పాతిక కొని, ఒక దినమెల్ల చేతిపై నుంచి చూచి, పుచ్చుకొనువారికి తలనొప్పి పుట్టు గుణమున్నదేమో ముందుగా కనుగొనుడు.