ఐర్లాండ్ బార్లలో పొగ ఆగిన రోజు

ఎనిమిది మంది ఉండే గదిలో ఇద్దరు సిగరెట్ తాగితే మిగతా ఆరుగురూ తాగినట్టే. ఈ సంగతి మన కాంపులో అందరికీ తెలుసు, కానీ ఎవరూ ఎవరికీ చెప్పరు. పక్క బెడ్డు అన్న పెద్దవాడు, ఏమంటాంలే అని ఊరుకుంటాం. సరిగ్గా ఇదే తగవు 2003లో ఐర్లాండ్ దేశానికి వచ్చింది. వాళ్లు ఊరుకోలేదు. ఆ కథ చెబుదామని ఈ వారం కూర్చున్నాను.

ఐర్లాండ్ ఇంగ్లాండుకు పడమర సముద్రంలో ఉన్న చిన్న దేశం. అప్పటికి జనాభా సుమారు 40 లక్షలు, అంటే మన హైదరాబాదుకన్నా తక్కువ. కానీ పొగాకుతో వాళ్ల చుట్టరికం చాలా పాతది. పాత రోజుల్లో ఊళ్లో ఎవరైనా చనిపోతే బంధువులు, ఇరుగుపొరుగు రాత్రంతా శవం దగ్గర మేలుకుని ఉండేవారు. వచ్చినవాళ్లకు పళ్లెంలో పొగాకు, తెల్లమట్టితో చేసిన పైపులు పెట్టడం మర్యాద. రాస్‌కామన్ జిల్లాలో నాక్‌క్రాఘరీ అనే పల్లె ఈ మట్టి పైపులకే పేరు పొందింది. 1921లో స్వాతంత్ర్య పోరాటం జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు ఆ ఊరిని తగలబెట్టాయి. దాంతో ఆ పని అక్కడ ఆగిపోయింది. పైపులు పోయినా పొగ పోలేదు, సిగరెట్లు వచ్చాయి.

ఇది చదివినప్పుడు నాకు మన పెత్రమాస గుర్తుకొచ్చింది. పోయిన తాతకు ఇష్టమని కల్లు, బీడీ కట్ట పెట్టే ఇళ్లు మనలో ఎన్ని లేవు! గుంటూరులో పొగాకు కొనడానికి 1912లోనే కంపెనీ పెట్టారు. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల్లో ఆడవాళ్ల చేతిలో చాట, తునికాకు లేని వాడ ఉండదు. మా అమ్మ బీడీలు చుట్టే నన్ను ఇంటర్ దాకా చదివించింది. అందుకని పొగాకును ఊరికే తిట్టడానికి నాకు నోరు రాదు. అయినా నిజం నిజమే.

ఇక అసలు విషయం. ఐర్లాండులో బారు అంటే తాగుబోతుల చోటు మాత్రమే కాదు. సాయంత్రమైతే ముసలి, పడుచు అంతా చేరే రచ్చబండ లాంటిది. లోపల పొగ మంచులా కమ్ముకుని ఉండేది. తాగేవాడు గంట కూర్చుని ఇంటికి పోతాడు. గ్లాసులు అందించే కూలివాడు మాత్రం డ్యూటీ అయ్యేదాకా ఆ పొగ పీల్చాల్సిందే. ఇతరుల పొగ పనివాళ్ల ఆరోగ్యాన్ని ఎలా చెడగొడుతుందో నిపుణులు రిపోర్టు ఇచ్చారు. ఆ వెంటనే, 2003 జనవరిలో, ఆరోగ్య మంత్రి మిహాల్ మార్టిన్ పనిచోట్లన్నిటిలో పొగ బంద్ అని ప్రకటించాడు. బార్ల యజమానులు మా బేరం మునిగిపోతుందని గొడవ చేశారు. పనివాళ్ల యూనియన్లు మంత్రి పక్కన నిలబడ్డాయి. 2004 జనవరి నుంచి అనుకున్నది కొంచెం వెనక్కి జరిగి, మార్చి 29 సోమవారం నాడు చట్టం అమల్లోకి వచ్చింది. బార్లతో సహా అన్ని పనిచోట్లా దేశమంతటా పొగ ఆపిన మొదటి దేశం ప్రపంచంలో అదే. తప్పు చేస్తే 3,000 యూరోల దాకా జరిమానా. ఆ మంత్రి తర్వాత 2020లో ప్రధానమంత్రి కూడా అయ్యాడు.

ఒక్క మాట గమనించండి. 'నీ ఆరోగ్యం కోసం నువ్వు మానెయ్' అని ఆ చట్టం అనలేదు. 'నీ పొగ పనివాడి ఊపిరిలోకి పోకూడదు' అంది. మన సైటులో హెల్మెట్, సేఫ్టీ బూట్లు ఎలాగో అలాగే. విచిత్రమేమిటంటే జైళ్లకు, హోటల్ గదులకు, మానసిక ఆసుపత్రులకు, ముసలివాళ్ల ఆశ్రమాలకు ఈ చట్టం వర్తించదని రాశారు. అవి వాళ్లు ఉండే ఇళ్లు కదా అని.

కానీ మేలు ఎక్కువగా జరిగింది ముసలివాళ్లకే! ముందు డబ్లిన్‌లో 42 బార్లలో గాలిని కొలిచారు. ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి ధూళి 83 శాతం తగ్గింది. ఆ తర్వాత 2000 నుంచి 2007 దాకా చావుల లెక్కలు తీసి 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. చట్టం రాగానే పక్షవాతంతో చనిపోవడం 32 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోవడం 26 శాతం తగ్గాయని అందులో తేలింది. ఆ తగ్గుదల కనిపించింది 65 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లలోనే.

పక్షవాతం అంటే కాలుచెయ్యి జబ్బు అనుకుంటాం. అది మెదడు జబ్బు. మెదడుకు పోయే రక్తనాళం పూడుకుపోతేనో చిట్లితేనో వస్తుంది. పొగ ఆ నాళాలను గట్టిపరుస్తుంది, సన్నబరుస్తుంది. పెద్ద నాళం పూడితే మనిషి పడిపోతాడు, అందరికీ తెలుస్తుంది. చిన్న చిన్నవి పూడితే ఎవరికీ తెలియదు. ఏళ్లు గడిచాక జ్ఞాపకం తగ్గుతుంది, లెక్క తప్పుతుంది, తెలిసిన దారి మరిచిపోతాడు. మనం 'ముసలితనం, మతిమరుపు' అని వదిలేస్తాం. పొగ తాగేవారికి మతి చెడే జబ్బు వచ్చే ప్రమాదం 45 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో చెప్పింది.

అయితే చాలాకాలం దీనికి వ్యతిరేకమైన మాట నడిచింది. దమ్ము కొడితే బుర్ర పని చేస్తుందని మనవాళ్లు అంటారు చూడండి, అలాంటి మాటే డాక్టర్ల నోటా వచ్చింది. పొగతాగే ముసలివాళ్లకు మతిమరుపు జబ్బు తక్కువ అని కొన్ని పరిశోధనలు చెప్పాయి. అసలు సంగతేమిటి? పొగతాగేవాళ్లలో చాలామంది ఆ వయసు దాకా బతకనే లేదు! లెక్కలోకి రాకముందే పోయారు. ఇంగ్లాండులో రిచర్డ్ డాల్ అనే డాక్టరు 1951 నుంచి వేలమంది డాక్టర్ల అలవాట్లు, చావులు రాసి పెట్టుకున్నాడు. ఆయన 2000లో తన లెక్కలు చూసి, పొగ వల్ల మెదడుకు అలాంటి రక్షణేమీ లేదన్నాడు. 2010లో ఇంకొకరు పాత పరిశోధనలన్నీ ముందేసుకుని చూస్తే, పొగాకు కంపెనీలతో సంబంధం ఉన్నవాళ్లు రాసినవాటిలోనే మేలు కనిపించింది. మిగతావాటిలో కీడే కనిపించింది. పెట్టుబడి ఎవరిదో పాట వాళ్లదే.

ఐర్లాండులో ఇప్పుడు ముసలితనాన్నే చదువుతున్నారు. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ 2009లో 50 ఏళ్లు దాటిన 8,000 మందికి పైగా మనుషులతో టిల్డా అనే పరిశోధన మొదలుపెట్టింది. కొన్నేళ్లకోసారి వాళ్లను మళ్లీ కలుస్తారు. అడిగేవాటిలో ఒకటి ఇది: పది మాటలు చదివి వినిపిస్తారు, ఎన్ని గుర్తున్నాయో చెప్పమంటారు. కాసేపాగి మళ్లీ అడుగుతారు. ఆ దేశంలో పొగతాగేవారు 2015లో నూటికి 23 మంది ఉంటే 2024కు 17 మందికి దిగారు. 21 ఏళ్లు నిండనివాళ్లకు సిగరెట్ అమ్మకూడదని 2024లో చట్టం చేశారు, అది 2028లో అమల్లోకి వస్తుంది.

ఆ పది మాటల సంగతి చదివి నేను మా నాయిన గురించి ఆలోచించాను. మొన్న ఫోన్‌లో 'ఎప్పుడొస్తున్నవ్ బిడ్డా' అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ కొత్తగానే అడిగాడు. నలభై ఏళ్లుగా బీడీ తాగుతున్నాడు, అదీ అమ్మ చుట్టినవే. బీడీ వల్లే అని ఏ డాక్టరూ చెప్పలేదు, నేనూ అనను. కానీ డాల్ 2004లో ఇచ్చిన లెక్క ఒకటి ఆయనకు చెప్పాను: ముప్పైలో మానితే పదేళ్లు, నలభైలో తొమ్మిదేళ్లు, యాభైలో ఆరేళ్లు, అరవైలో మానినా మూడేళ్ల ఆయుష్షు కలిసొస్తుందని. నాయినకు 64. రెండు కట్టల నుంచి ఒక కట్టకు వచ్చానని చెబుతున్నాడు. రెండో కట్ట ఎక్కడ దాస్తున్నాడో అమ్మకు తెలుసట.