ఉద్దానం గ్రావెల్ బాటలు

శ్రీకాకుళం జిల్లాలో పలాస, మందస, కవిటి, వజ్రపుకొత్తూరు పరిసరాల్లోని ఉద్దానం ప్రాంతపు జీడి, కొబ్బరి తోటల మధ్య సాగే మట్టి, గ్రావెల్ దారులు. సైక్లింగ్ కోసం గుర్తులు పెట్టి తీర్చినవి కావు. రైతులు తోటలకు వెళ్లే బాటలే. పడమటి వైపున తూర్పు కనుమలు ఉంటాయి. మందస దిక్కున కనిపించే 1,501 మీటర్ల మహేంద్రగిరి శిఖరం ఒడిశాలోని గజపతి జిల్లాది. గట్టి గ్రావెల్ మీద వెడల్పు టైర్ల సైకిల్ సాఫీగా నడుస్తుంది. తీరం దగ్గరి ఇసుకలో మాత్రం టైర్లలో గాలి తగ్గించినా కూరుకుపోతుంది. అక్కడ దిగి నడిపించడమే మేలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటలను నేలకూల్చింది. నీడ తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి చలికాలంలో పెలికాన్లు వస్తాయి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం కాబట్టి డిసెంబరు, జనవరి అనుకూలం.