మాలపల్లి ఎవరికి నచ్చింది?

తెలుగు నవల చరిత్ర రాసిన ప్రతివారూ 'మాలపల్లి' దగ్గర ఆగుతారు. గొప్ప నవల అంటారు. సరే, ఎవరికి గొప్ప? చాలాకాలం ఈ ప్రశ్న అచ్చులో కనపడదు. అడగాల్సినవాళ్ళ చేతుల్లోకి పుస్తకమే రాలేదు మరి.

ఉన్నవ లక్ష్మీనారాయణ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన గుంటూరు కాంగ్రెస్ నాయకుడు. పలనాటి పుల్లరి సత్యాగ్రహం సందర్భంలో అరెస్టయి, 1922లో రాయవేలూరు జైల్లో ఈ నవల రాశాడు. మాల రామదాసు కుటుంబాన్ని నడిమధ్య నిలబెట్టాడు. గుంటూరు పల్లె మాటను నవలకెక్కించాడు. అందరికంటే శ్రద్ధగా చదివింది మాత్రం మద్రాసు ప్రభుత్వమే! 1923లో నిషేధించింది, 1928లో ఎత్తేసింది, 1936లో మళ్ళీ నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాకగానీ పుస్తకానికి పూర్తిగా విడుదల దొరకలేదు. పాలేర్ల కూలి గొడవ, ధనికుల గాదెలు కొట్టి పేదలకు పంచే వెంకటదాసు - ఇవన్నీ సర్కారుకు బోల్షివిజంగా కనపడ్డాయి. జాతీయవాదులకు ఇందులో గాంధీ కనపడ్డాడు. తర్వాత వచ్చిన అభ్యుదయవాదులకు వర్గపోరాటం కనపడింది. భయపడినా, మెచ్చుకున్నా అందరూ పల్లె బయటివాళ్ళే.

1961 జనాభా లెక్కల నాటికి, అంటే నవల పుట్టిన నలభై ఏళ్ళకు, దేశంలో షెడ్యూల్డు కులాల అక్షరాస్యత 10.27 శాతం. ఆ పదిమందిలో సంతకం నేర్చినవాళ్ళెందరో, నవల కొనగలిగినవాళ్ళెందరో లెక్కేసుకోండి. అభిప్రాయం ఉండటం వేరు, అది అచ్చవటం వేరు. పత్రికలు, సాహిత్య సభలు, పాఠ్యప్రణాళిక సంఘాలు ఎవరి చేతుల్లో ఉంటే వాళ్ళ ఇష్టమే 'పాఠకుల ఆదరణ' అయి కూర్చుంది.

హాస్టళ్ళలో చదువుకుని విశ్వవిద్యాలయాల దాకా వచ్చిన మొదటి తరం దీన్ని తిరగేసింది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ శవాలను మోసినవాళ్ళు మాలపల్లిని పాతకళ్ళతో ఎట్లా చదువుతారు? చౌదరయ్య దెబ్బకు సంగదాసు చచ్చిపోతాడు. తండ్రి రామదాసు వేదాంతం విడవడు. బయటివాళ్ళకు ఇది స్థితప్రజ్ఞత. కారంచేడు చూసిన పాఠకుడికి ఇది ఒంటిమీద కారం చల్లినట్టుంది. రామదాసును మంచివాడిగా చూపించడానికి రచయిత అతణ్ణి సగం బ్రాహ్మణుణ్ణి చేయాల్సి వచ్చిందన్న విమర్శ ఇక్కణ్ణుంచే వచ్చింది. ఆ విమర్శతో నాకు పేచీ లేదు. అయితే వెంకటదాసు కూడా ఆ ఇంటి కొడుకే. తండ్రి మాట కాదని తక్కెళ్ళ జగ్గడై కత్తి పట్టినవాణ్ణి కూడా ఉన్నవే రాశాడు. రామదాసు మీద కోపంతో వెంకటదాసును మరచిపోవటం సరికాదు.

1994లో దండోరా వచ్చాక ఇంకో ప్రశ్న లేచింది. పల్లె సరే, గూడెం ఏది? పేరులోనే ఒక కులం ఉన్న నవలను దళితులందరి కథగా ఎట్లా ఒప్పుకోవాలని మాదిగ పాఠకులు అడిగారు. దీన్ని చీలిక అన్నవాళ్ళున్నారు. నేను చదువు అంటాను.

పెద్ద విమర్శకుల జవాబు ఒక్కటే: 'ఆ కాలానికి అది చాలా ఎక్కువ.' నిజమే. కానీ ఆ మాట వెనక కృతజ్ఞత అడిగే గొంతు ఉంది. మన గురించి ఒకరు రాశారు కాబట్టి మనకు నచ్చితీరాలా? మా నల్లగొండ ఇంట్లో నవల పట్టుకున్న మొదటి మనిషిని నేను. ఎం.ఏ. రోజుల్లో సంగదాసు చావు ఘట్టం అమ్మకు చదివి వినిపించాను. "కొడుకును సంపినోణ్ణి ఏం జేసిండ్రు బిడ్డా?" అనడిగింది. నేను రామదాసు మాటలు చదువుతుంటే లేచి పొయ్యి దగ్గరికి పోయింది. క్లాసులో అదే పేజీకి మేం 'కరుణరసం' అని రాసి మార్కులు తెచ్చుకున్నాం.

అదే అమ్మ వేముల ఎల్లయ్య 'కక్క' వింటూ నవ్వింది, నడుమ నన్నాపి ఒక మాటను నేను పలికిన తీరు దిద్దింది. 2000లో వచ్చిన ఆ నవలలో మాదిగ పిల్లగాడు తన ఇంటి మాటనే మాట్లాడతాడు. అర్థంకాలేదన్న అధ్యాపకులున్నారు. ప్రబంధాలకు టీకా పెట్టుకుని చదివినోళ్ళకు ఇది చదవడానికి ఏం అడ్డం?

అదే ఏడు పుస్తకంగా వచ్చిన జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' తరాల కథ. ఎల్లన్న పాటా ఆటా చరిత్రకెక్కకుండా పోయాయని రూతు గుర్తుచేసుకునే తీరుకు కరగని దళిత పాఠకుణ్ణి నేను చూడలేదు. అంతమాత్రాన అందరూ ఒకేమాట మీద లేరు. ఎల్లన్న దగ్గర కళ్ళు తుడుచుకున్నవాళ్ళే, చివరి తరం సాయుధపోరాటం వైపు నడిచిన పేజీల దగ్గర పోట్లాడుకున్నారు. కులం కథను పార్టీ ఖాతాలో వేశాడని ఒకరు, ఆ దారి తప్ప మనకు ఏం మిగిల్చారని ఇంకొకరు. హాస్టల్ వరండాలో అర్ధరాత్రి దాకా సాగిన ఆ తగాదాలో బయటివాళ్ళ సర్టిఫికెట్ అడిగినవాడు ఒక్కడూ లేడు.