పేషెంట్ లిఫ్ట్: రోగిని ఎత్తే ముందు ఏం చూడాలి? సర్వీసింగ్ ఎప్పుడు చేయించాలి?

పక్షవాతం వచ్చినవారిని, తుంటి ఎముక విరిగినవారిని మంచం మీద నుంచి వీల్‌చైర్‌లోకి మార్చాలంటే ఇద్దరు ముగ్గురు కలిసి చేతులతో ఎత్తడం మనకు అలవాటు. పట్టు జారితే రోగి కింద పడతారు. ఎత్తేవారికి నడుం పట్టేస్తుంది. ఈ ఇబ్బంది లేకుండా చేసేదే పేషెంట్ లిఫ్ట్. అయితే నిర్వహణ సరిగా లేకపోతే అదే ప్రమాదం తెచ్చిపెడుతుంది.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా బూర్గంపాడు లాంటి చోట్ల ఈ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. హైదరాబాద్ ఇక్కడికి సుమారు 300 కిలోమీటర్ల దూరం. కంపెనీ టెక్నీషియన్ వచ్చేలోపు పట్టీని టైలర్‌తో కుట్టించి, విరిగిన కొక్కేనికి వెల్డింగ్ పెట్టించి నడిపేద్దామనిపిస్తుంది. అలా అస్సలు చేయకూడదు.

ఎలా పనిచేస్తుంది?

చక్రాల స్టాండు, పైకి లేచే చెయ్యి, దాని చివర కొక్కేలున్న బార్, రోగిని కూర్చోబెట్టే గుడ్డ ఊయల. ఈ ఊయలనే స్లింగ్ అంటారు. కొన్ని లిఫ్టులను చేత్తో పంపు కొట్టి లేపాలి. మరికొన్ని బ్యాటరీతో నడుస్తాయి. ఎంత బరువు మోయగలదో లిఫ్టు మీద, స్లింగ్ మీద విడివిడిగా రాసి ఉంటుంది. రెండింటిలో తక్కువ అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

ఎత్తే ప్రతిసారీ చూడాల్సినవి

• స్లింగ్‌లో చిరుగులు, ఊడిన కుట్లు, వెలిసిన రంగు కనిపిస్తే పక్కన పెట్టేయాలి. లేబుల్ చదవలేని స్థితిలో ఉన్నా వాడొద్దు.
• నట్లు, బోల్టులు వదులయ్యాయా, కొక్కెం అరిగిందా చూడాలి.
• పంపు దగ్గర ఆయిల్ కారుతున్నా, ఎత్తిన చెయ్యి దానంతట అదే దిగుతున్నా వాడకం ఆపేయాలి.
• చక్రాలకు చుట్టుకున్న దారాలు, వెంట్రుకలు తీసేయాలి.
• బ్యాటరీ లిఫ్టు అయితే ఛార్జింగ్, ఎమర్జెన్సీ స్టాప్ బటన్, కరెంటు లేనప్పుడు కిందికి దించే మీట పనిచేస్తున్నాయో పరీక్షించాలి.
• రోగిని దించబోయే మంచానికి, వీల్‌చైర్‌కు బ్రేకులు వేయాలి. గాల్లో ఉన్న రోగిని ఒంటరిగా వదిలి వెళ్లకూడదు.

స్లింగ్‌ను లేబుల్‌పై చెప్పినట్టే ఉతకాలి. బ్లీచింగ్ వాడితే నూలు బలహీనపడుతుంది. ఆ నష్టం పైకి కనిపించకపోవచ్చు.

సర్వీసింగ్ ఎన్నాళ్లకోసారి?

మనుషులను ఎత్తే పరికరాలను కనీసం 6 నెలలకోసారి నిపుణులతో తనిఖీ చేయించాలని బ్రిటన్‌లో 1998 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మనం కూడా దీన్ని కొలమానంగా పెట్టుకోవచ్చు. తయారీదారు మాన్యువల్‌లో అంతకంటే తక్కువ గడువు ఉంటే దాన్నే పాటించాలి. కొనేటప్పుడే వార్షిక నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ) చేసుకుని, టెక్నీషియన్ ఎన్ని రోజుల్లో వస్తారో అందులో రాయించుకోవడం మేలు. అదనంగా ఒక స్లింగ్ దగ్గర ఉంచుకుంటే చిరిగినదాన్ని వాడాల్సిన అవసరం రాదు.

వరద వస్తే?

2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు సారపాక వైపు వంతెనపై రాకపోకలు ఆపేశారు. అలాంటి సమయంలో టెక్నీషియన్ రాలేరు, విడిభాగాలూ అందవు. అందుకే వానాకాలానికి ముందే సర్వీసింగ్ పూర్తి చేయించాలి. వరద హెచ్చరిక రాగానే బ్యాటరీ, ఛార్జర్, స్లింగులను ఎత్తైన చోటికి చేర్చాలి. మోటారు, కంట్రోల్ బాక్సు నీటిలో మునిగితే ఆరిపోయాక కూడా స్విచ్ వేయొద్దు. టెక్నీషియన్ చూశాకే వాడాలి.

కుటుంబ సభ్యులు ఏం అడగాలి?

మీ వాళ్లను చేర్పించే ముందు మూడు ప్రశ్నలు వేయండి. చివరి సర్వీసింగ్ ఎప్పుడు జరిగింది? ఆ రిజిస్టరు చూపిస్తారా? లిఫ్టు వాడే సిబ్బందికి శిక్షణ ఇచ్చారా?

పరికరం వల్ల రోగికి హాని జరిగితే దాన్ని కదపకుండా, మరమ్మతు చేయకుండా పక్కన ఉంచాలి. వైద్య పరికరాలతో జరిగే హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 నుంచి దేశంలో అమల్లో ఉంది. టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024కు ఫోన్ చేసి సమాచారం ఇవ్వొచ్చు.