అమ్మకూడని భూములు



గత భాగంలో అసైన్డ్ పట్టాల గురించి రాశాక ఒక విద్యార్థి అడిగాడు, "వక్ఫ్ గొడవ ముస్లింలది కదా, మనకేంటి?" అని. అడగాల్సిన ప్రశ్నే. జవాబు మా ఊరి నుంచే చెప్తాను.

మా తాత పీర్ల పండక్కి డప్పు కొట్టేవాడు. ఆ డప్పు మోగితేనే పీర్లు లేచేవి. ఊరి బయట దర్గా మాన్యం ఉండేది. దాన్ని ఆనుకొనే మావాళ్లకు సర్కారు ఇచ్చిన ఎకరంన్నర. నేను డిగ్రీకి వచ్చేసరికి రెండూ ఒకే వెంచర్‌లో ప్లాట్లయ్యాయి. చట్టం ప్రకారం రెండూ అమ్మకూడని భూములే. పోయిన తీరు కూడా ఒకటే: తెల్లకాగితం మీద వేలిముద్ర, చేతికి కొంత నగదు.

జకాత్ వేరు, వక్ఫ్ వేరు. జకాత్ అంటే మిగులు సంపదలో ఏటా రెండున్నర శాతం ఇచ్చేయడం. వక్ఫ్‌లో ఆస్తి కదలదు, దేవుడి పేర శాశ్వతంగా నిలిచిపోతుంది. దాని ఆదాయమే మసీదుకో, అనాథలకో, ఆకలిగొన్నవాళ్లకో వెళ్లాలి. ముతవల్లీ దానికి యజమాని కాదు, కాపలాదారు. మరి కాపలాదారుని లెక్క అడిగేదెవరు?

1894లో ప్రీవీ కౌన్సిల్ కుటుంబ వక్ఫ్‌లు చెల్లవంది. తమ వారసుల కోసం ఆస్తిని వక్ఫ్‌గా కట్టుకున్న పెద్దింటివాళ్లు గగ్గోలు పెట్టారు. జిన్నా బిల్లు పెట్టి నడిపించగా 1913లో చట్టం వచ్చింది, ఆ వక్ఫ్‌లు మళ్లీ చెల్లాయి. పుస్తకాలన్నీ ఈ 1913 గురించే రాస్తాయి. నాకు మాత్రం 1923 చట్టం ముఖ్యం. ముతవల్లీలు జిల్లా కోర్టుకు లెక్కలు చూపాలని చెప్పింది అదే. అందులోనూ కుటుంబ వక్ఫ్‌లను మినహాయించారు. వంశానికి హక్కు ముందు, పేదలకు లెక్క పదేళ్ల తర్వాత. అష్రాఫ్ పెత్తనం గురించి పస్మాందా మిత్రులు మాట్లాడినప్పుడల్లా నాకు ఈ రెండు తేదీలు గుర్తొస్తాయి. మన అగ్రహారాల కథ దీనికి దూరమేం కాదు.

తర్వాత 1954, 1995 చట్టాలు వచ్చాయి, బోర్డులు వచ్చాయి. 2006లో సచార్ కమిటీ లెక్క తీసింది: దేశంలో సుమారు 6 లక్షల ఎకరాల వక్ఫ్ భూమి, ఏడాది ఆదాయం దాదాపు 163 కోట్లు. భాగించి చూడండి, ఎకరానికి మూడు వేలు కూడా రావడం లేదు. ఆక్రమించినవాళ్లలో ప్రభుత్వాలూ ఉన్నాయని అదే నివేదిక చెప్పింది.

ఇక హైదరాబాద్. ఒకసారి వక్ఫ్ అయితే ఎప్పటికీ వక్ఫే అని సుప్రీంకోర్టు 1998లో చెప్పిన కేసు మన ఉమ్మడి రాష్ట్రానిదే. ఈనాం రద్దు చట్టం కింద పట్టా ఇచ్చినంత మాత్రాన వక్ఫ్ పోదని ఆ తీర్పు సారం. మణికొండలో హుస్సేన్ షా వలీ దర్గా కథ ఇంకోలా నడిచింది. 1989 గెజిట్‌లో దర్గాకు 5,506 చదరపు గజాలే ఉన్నాయి. 2006లో సవరణ నోటిఫికేషన్‌తో అది 1,654 ఎకరాల 32 గుంటలైంది. అప్పటికే ప్రభుత్వం అక్కడి భూములను పెద్ద పెద్ద కంపెనీలకు ఇచ్చేసింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ జాగీరు భూమి సర్కారుదేనని తేల్చింది. తీర్పు మంచిచెడ్డలు లాయర్లు చెప్పాలి. నేను చూసేది ఒక్కటే: భూమి ధర పెరిగాక దాని పత్రాలు వెతకడం మొదలైంది. చవకగా ఉన్నన్నాళ్లూ ఎవరూ సర్వే చేయలేదు.

మన అసైన్డ్ భూములకూ 1977 బదిలీ నిషేధ చట్టం ఉంది. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ తీసి చూడండి, అమ్మరాని ఆస్తుల జాబితాలో అసైన్డ్, ఎండోమెంట్, వక్ఫ్ భూములన్నీ ఒకే వరుసలో కూర్చుంటాయి. అమ్మినవాడు పేదోడైతే కేసు, కొన్నవాడు పెద్దోడైతే క్రమబద్ధీకరణ!

2025లో కొత్త సవరణ చట్టం వచ్చింది. కొన్ని సెక్షన్లను సుప్రీంకోర్టు సెప్టెంబరులో ఆపింది. ఆస్తుల వివరాలను ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించడానికి ఆరు నెలల గడువు పెట్టారు. తరతరాలుగా నోటిమాట మీద నడిచిన పల్లె దర్గాకు ఆరు నెలల్లో పత్రాలు ఎక్కణ్నుంచి తెస్తారు?

విద్యార్థులకు ఒక పని చెప్తాను. మీ ఊరి 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయండి. నేను మా ఊరిది తీశాను. పట్టాదారు గడిలో దర్గా పేరుంది. సాగుదారు గడిలో మాత్రం ముజావర్ పేరు లేదు, దున్నిన మావాళ్ల పేరూ లేదు. అక్కడున్న పేరు ఎవరిదో వచ్చే భాగంలో రాస్తాను.